మూడో కాలిలోని గిన్నె

పని చేతకాక చెడిపోయినవాళ్ళను సూజౌ ఊరి కంచుపోత వీధి చాలామందినే చూసింది. పని మరీ బాగా చేతనై చావు దాకా వెళ్ళినవాడు మాత్రం తాన్ బోషెంగ్ ఒక్కడే.

అతను చేసిన నేరమల్లా మూడు కాళ్ళ కంచు పాత్ర ఒకటి పోత పోయడం. పూర్వపు రాజులు తమ పితరులకు మాంసం వండి పెట్టిన పాత్రల పద్ధతిలోనే, పొట్ట మీద కింది దవడ లేని మృగం ముఖమూ, పొడుచుకొచ్చిన రెండు కనుగుడ్లూ పెట్టి చేశాడు. అలాంటివి ఆ వీధిలో ఎవరైనా పోస్తారు. చదువుకున్నవాళ్ళు కొనుక్కుపోయి అందులో అగరుపొగ వేసుకుంటారు. అది పాతది కాదని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. పాతవాటి మీద గౌరవం కొద్దీ చేసిన కొత్తది, అందులో మోసమేమీ లేదు.

కానీ ఈ పాత్ర సంగతి వేరు. బోషెంగ్ కొడుకు అమాన్ ఐదేళ్ళ వయసులోనే అమ్మవారు పోసి పోయాడు. ఆ తర్వాత బోషెంగ్ నలుగురిలోకి రావడం మానేశాడు. దుకాణం వెనక గది తలుపులు బిగించుకుని, తిండి ధ్యాస కూడా లేకుండా ఆ పాత్రకి మైనం చెక్కాడు. పోత పోశాక దానికి ఉప్పూ పులుపూ పట్టించి పెరట్లో గుంట తీసి పాతిపెట్టాడు. తీసి చూసుకోవడం, తృప్తి లేక మళ్ళీ పాతిపెట్టడం, ఇదే పని. చివరికి బయటికి తెచ్చేసరికి దాని మీద చిలుము పాచిలా ఆకుపచ్చగా పట్టి, అక్కడక్కడ నీలంగా పొక్కి, చూసినవాళ్ళకి చేతులు జోడించాలనిపించేలా తయారైంది.

అలా చూసినవాళ్ళలో ఫెయ్ పండితుడు ఒకడు. పాత కంచు విషయంలో ఆ ఊళ్ళో ఆయన మాటకి తిరుగులేదు. ఆయన పాత్రని బోర్లించి చూశాడు, గోటితో గీకాడు, వాసన చూశాడు. "ఇది మనిషి చేసింది కాదయ్యా, కాలం చేసింది," అన్నాడు. పోనీ మెచ్చుకున్నాడు కదా అనుకునే లోపలే, పడమటి కొండ మీద ఒక పెద్ద కుటుంబంవాళ్ళ సమాధిని ఎవరో తవ్వి దోచుకున్నారన్న కబురు ఊళ్ళోకి వచ్చింది. కంచుపోత వీధిలో పాతాళం నుంచి లేచొచ్చినట్టున్న పాత్ర ఉందని ఆ కుటుంబంవాళ్ళ చెవిన వేసే పుణ్యాత్ములు ఎక్కడైనా ఉంటారు. మర్నాడు భటులు వచ్చి పాత్రనీ, బోషెంగ్‌నీ పట్టుకుపోయారు. సమాధి తవ్వి శవపేటిక తెరిచినవాడికి శిక్ష ఉరి.

దొంగ సరుకు అంటే కాదని వాదించవచ్చు, నాసిరకం అంటే పోట్లాడవచ్చు. నీ పని ఇంత గొప్పగా ఉంది కాబట్టి ఇది నీ పని కాదంటే ఏ పనివాడు మాత్రం ఏం చెప్పుకుంటాడు?

విచారణ రోజున బోషెంగ్ భార్య మింజూ కచేరీ వాకిట్లో జనం మధ్య నిలబడి ఉంది. పక్కన ఆమె భుజం పట్టుకుని పొరుగింటి షావ్ పిన్ని ఉంది. ఈవిడ ఇంట్లో సోయా పెరుగు చేసి అమ్ముతుంది, వీధిలో వార్తలు ఊరికే పంచుతుంది. ఎదురుగా రాతినేల మీద బోషెంగ్ మోకాళ్ళ మీద ఉన్నాడు. ముందు రోజు చీలమండలు చెక్కల మధ్య పెట్టి ఒక్కసారి బిగించారు. ఒక కాలు పక్కకి వాలిపోయి ఉండడం మింజూ చూసింది, చూసి ఇంక ఆ వైపు చూడలేకపోయింది. బల్ల మీద పెట్టిన పాత్ర మీది మృగం మాత్రం ఆమెనే చూస్తున్నట్టుంది.

"నువ్వే పోశానంటావు. అయితే అచ్చు చూపించు," అన్నాడు న్యాయాధికారి. ఆయన బక్కపల్చని మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది.

"అచ్చు పగలగొడితేగానీ పాత్ర బయటికి రాదు ప్రభూ."

"పోస్తుండగా చూసినవాళ్ళెవరు?"

"ఎవరూ లేరు. తలుపులేసుకుని పోశాను."

"ఊరంతా దగ్గేలా కొలిమి ఊదుతారు మీ వీధివాళ్ళు. దీనికొక్కదానికీ సిగ్గేసిందా?"

జనం నవ్వారు. బోషెంగ్ నుదురు నేలకి ఆనించి, లేచి, గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, మా ఇంట్లో తాతలనాటి ఆనవాయితీ ఒకటుంది. బయట చెప్పుకోం. ఇంట్లో ఎవరైనా పోతే, వాళ్ళు అన్నం తిన్న గిన్నె మళ్ళీ బల్ల మీద పెట్టకూడదు. పగలగొట్టి, తర్వాత పోసే పాత్ర కాలి లోపల ఉండిపోయే మట్టిలో, అదే లోమట్టిలో, కలిపేస్తాం. ఆ పాత్ర ఉన్నన్నాళ్ళూ పోయినవాళ్ళకి తిండికి లోటుండదని. ఈ పాత్ర మూడో కాలిలో, మృగం ముఖానికి వెనక వైపున్న కాలిలో, మా వాడి గిన్నె ఉంది. మట్టి కలిపింది మా ఇంటిది. కోయించి చూడండి."

న్యాయాధికారి ముందుకి వంగాడు. "ఎలాంటి గిన్నె?"

"తెల్ల పింగాణీ. దాని మీద నీలం రంగు చేప. ఒక్కటే చేప."

"ఫెయ్‌గారూ, ఆ పూర్వకాలంలో నీలం బొమ్మల పింగాణీ ఉండేదా?"

"లేదు. ఆ మాటకొస్తే పింగాణీయే లేదు," అన్నాడు ఫెయ్ పండితుడు. ఆయన గొంతులో అనుమానం కన్నా బాధే ఎక్కువ వినిపించింది.

"అయితే రాసుకో," అన్నాడు న్యాయాధికారి గుమాస్తాతో. "తెల్ల గిన్నె, నీలం చేప. రేపు పొద్దున్నే అందరి ముందూ కాలు కోయిస్తాను. మట్టి కలిపిన మనిషే వచ్చి, నీళ్ళలో కలిపి జల్లించాలి. చేప వస్తే ఇంటికి పో. రాలేదా, ఈసారి చెక్కలు ఒక్కసారి బిగించి వదలరు. నేరం ఒప్పుకునే దాకా బిగిస్తారు."

షావ్ పిన్ని మింజూ వీపు మీద ఒక్కటి చరిచింది. "బతికిపోయారే పిల్లా! ఇంత మాట మీ ఆయన నిన్ననే చెప్పి ఏడిస్తే ఆ కాలైనా దక్కేదిగా!"

బోషెంగ్ తల తిప్పి జనంలో భార్య కోసం వెతికాడు. కనిపించగానే, భయపడకు అన్నట్టు తల ఊపాడు. మింజూ తల దించుకుంది.

ఎందుకంటే చేప గిన్నె పాత్ర కాలిలో లేదు. ఇంట్లో బియ్యపు జాడీ అడుగున, పాత గుడ్డలో చుట్టి, చెక్కుచెదరకుండా ఉంది.

లోమట్టి కలిపిన రోజు ఆమెకి బాగా జ్ఞాపకం. మట్టి కలిపే ఆడమనిషి గిన్నెని ఒంటరిగానే పగలగొట్టాలి, ఎవరూ చూడకూడదు. మింజూ పెరట్లో కూర్చుని గిన్నెని రోలులో పెట్టింది, రోకలి ఎత్తింది. గిన్నె అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది. వాడికి కోపం వచ్చినప్పుడల్లా గిన్నె అంచు కొరికేవాడు. పళ్ళూడతాయిరా అంటే ఇంకా గట్టిగా కొరికేవాడు. ఆ పెచ్చు మీద వేలు పెట్టాక రోకలి దించడం ఆమె వల్ల కాలేదు. గిన్నెని చొక్కాలో దోపుకుని, గోడ వార పడి ఉన్న ఇంటిపెంకు ముక్క ఒకటి తెచ్చి చితక్కొట్టి మట్టిలో కలిపేసింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరికి నష్టం అనుకుంది. కంచు పోశాక ఆ కాలు ఎవడు కోసి చూస్తాడు?

ఇప్పుడు కోసి చూస్తారు. అందులోంచి పెంకు ముక్క వస్తుంది. పెంకులు పూర్వమూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. దానివల్ల రుజువయ్యేది బోషెంగ్ అబద్ధాలకోరని మాత్రమే.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు తాన్ అవ్వ గుమ్మంలో ఆవకూర పచ్చడి జాడీ కడుగుతోంది. మోకాళ్ళు పనిచేయవు కాబట్టి ఆవిడ కచేరీకి రాలేదు.

"ఏమన్నారు?" అంది.

"రేపు కాలు కోస్తారట అత్తయ్యా. నేనే మట్టి పిసికి జల్లించాలట, గిన్నె ఉందో లేదో చూస్తారట."

"కొయ్యనీ. గిన్నె ఉందిగా, నీకెందుకే దిగులు?"

చేప అని రాయించుకున్న సంగతి మింజూ చెప్పలేదు. కొడుకు ప్రాణం గిన్నెలో పెట్టుకుని ఇంత నిబ్బరంగా కూర్చున్న ముసలిదానితో, ఆ గిన్నె నేను వెయ్యలేదని ఎలా చెప్పడం? చెప్తే ఈవిడ గుండె ఇక్కడే ఆగిపోతుందేమో. రెండు చావులు ఒకేసారి చూడాలేమో.

గంజి కాచింది. అవ్వ తన చెక్క గిన్నె చాచింది. ఏడాదిగా ఆవిడ పింగాణీ ముట్టుకోవడం లేదు. చల్లటి పింగాణీ చిగుళ్ళకి తగిలితే జివ్వుమంటోందని, ముష్టివాళ్ళు పట్టుకునేలాంటి చెక్క గిన్నె ఒకటి తెచ్చుకుని అందులోనే తింటోంది. మింజూ తన గిన్నె ముందు కూర్చుని ఒక్క గుక్క కూడా మింగలేకపోయింది.

"తినవే పిల్లా. రేపు మట్టి పిసకాలన్నావు, చేతుల్లో సత్తువ ఉండొద్దూ?" అంది అవ్వ. "నీ మొగుడు మూడేళ్ళప్పుడు నూతిలో పడ్డాడు. అప్పుడూ ఇలాగే అన్నం మానేశాను. తేల్చి పైకి తీస్తే నవ్వుతున్నాడు వెధవ."

ఆ రాత్రి ఎలా గడిచిందో మింజూకే తెలియాలి. తెల్లవారుతూ, కాలవలో పడవలవాళ్ళ కేకలు మొదలయ్యే వేళకి, ఆమె బియ్యపు జాడీలోంచి మూట తీసింది. పొయ్యి దగ్గర కూర్చుని గుడ్డ విప్పింది. చేప ఎప్పటిలాగే తోక వంచి ఒక కంటితో చూస్తోంది. గిన్నె మీద గుడ్డ కప్పి, అత్తగారు లేవకుండా, పచ్చడి జాడీ మీది రాయితో ఒక్క దెబ్బ కొట్టింది. పెద్ద చప్పుడేం కాలేదు. ఇంత తేలికా, దీనికోసమా ఏడాది భయపడ్డాను అనుకుంది, అనుకుని నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది.

చేప కన్ను ఉన్న ముక్క ఏరింది. అది బొటనవేలి గోరంత ఉంది. కొత్తగా విరిగిన అంచు తెల్లగా మెరుస్తోంది. దాన్ని పొయ్యి నిప్పుల్లో కప్పెట్టి, తీసి, బూడిదా మట్టీ పూసింది. కంచు వేడి తిన్న పింగాణీ ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. మెరుపు చచ్చిపోయి, బుడగలు లేచి, గరుకు తేలుతుంది. వంటపొయ్యికి అంత శక్తి లేదు. అయినా బురదలో ఎవరు గమనిస్తారులే అని మనసుకి నచ్చజెప్పుకుంది. భయంలో ఉన్నవాళ్ళకి ఏ ఆధారం దొరికినా బలంగానే కనిపిస్తుంది.

పొద్దున్న తాన్ అవ్వ తానూ వస్తానని పట్టుబట్టింది. షావ్ పిన్ని తన సోయా పెరుగు తోపుడు బండి మీద ఆవిడని ఎక్కించుకుంది. "ఉండండి అవ్వా, కదిలారంటే మిమ్మల్నీ తక్కెట్లో వేస్తారు జనం," అంటూ తోసుకొచ్చింది. మింజూ నవ్వలేదు. ఆమె ఎడమ దవడలో చేప కన్ను ఉంది.

నోట్లో పెట్టుకోవడం మంచిదే అయ్యింది. గేటు దగ్గర భటుడు ఆమె చొక్కా చేతులు దులిపించాడు, అరచేతులు తిప్పి చూశాడు, జుట్టు ముడి విప్పించాడు. నోరు తెరవమని మాత్రం అనలేదు. ముక్క అంచు దవడ లోపలి కండని కోస్తోంది. ఉప్పగా రక్తం రుచి తెలుస్తోంది. ఆ రక్తం మింగేసింది.

కచేరీ నడుమ ఒక కమ్మరి రంపంతో పాత్ర కాలు కోస్తున్నాడు. కంచు కీచుమన్నప్పుడల్లా బోషెంగ్ భుజాలు అదిరాయి. అతను అంతగా ప్రేమించిన పని అది. కాలు తెగి పళ్ళెంలో పడింది. లోపల గట్టిపడ్డ మట్టి పిడచ కనిపించింది. భటుడు దాన్ని పొడిచి, నీళ్ళ తొట్టిలోకి దులిపాడు.

"ఈ మట్టి కలిపింది నువ్వేనా?" అన్నాడు న్యాయాధికారి.

మింజూ తల ఊపింది.

"నోరు లేదా? ఇందులో ఏమేం కలుపుతావో చెప్పు."

"ఊక... ఇసుక... ఎర్రమట్టి..."

"ఏమిటా నసుగుడు? నోట్లో ముద్ద పెట్టుకొచ్చావా?"

జనంలో నవ్వు లేచింది. మింజూ దవడ మీద చెయ్యి పెట్టుకుంది. "పన్ను నొప్పి ప్రభూ," అంది.

"నీ పన్ను నొప్పి, మీ ఆయన కాలు నొప్పి, నాకు తల నొప్పి. కానీ, కానివ్వు."

ఆమె తొట్టి ముందు మోకరిల్లింది. అరచెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గినట్టు చేసి, ముక్కని అరచేతిలోకి ఉమ్మి, ఆ చెయ్యి బురద నీళ్ళలో ముంచింది. వదిలితే చాలు. ఒక్క వేలు సడలిస్తే చాలు. కానీ ఇలా ముంచి అలా తీస్తే అనుమానం వస్తుందని, రెండో చేత్తో మట్టి పిసుకుతూ కాసేపు ఆగింది. మట్టి కరుగుతోంది, ఊక తేలుతోంది. వేళ్ళకి పెంకు గరుకు తగిలింది. తాను వేసిందే.

దాని పక్కనే ఇంకోటి తగిలింది.

అది పెంకు కాదు. పల్చగా ఉంది. ఒక పక్క వంపు తిరిగి ఉంది, పైన బుడగలు లేచిన గరుకు ఉంది. మట్టిలో పెరిగిన ఆ చేతికి అది ఏమిటో కన్ను చూడకముందే తెలిసిపోయింది. నీటి అంచుకి తెచ్చి బొటనవేలితో తుడిచింది. తెల్లటి పింగాణీ. దాని మీద నీలం రేకులు, చామంతి పువ్వులో సగం.

చామంతి గిన్నె ఆ ఇంట్లో ఒకరిదే. ఏడాదిగా చెక్క గిన్నెలో గంజి తాగుతున్న మనిషిది.

మింజూ తల తిప్పింది. జనం ముందు వరసలో, బండి అంచున కూర్చుని తాన్ అవ్వ ఆమెనే చూస్తోంది. ఇదిగో దొరికింది కదా, పైకెత్తవే అన్నట్టు గడ్డం ఆడించింది.

నీళ్ళ కింద ఒక చేతిలో చేప ఉంది, ఒక చేతిలో చామంతి ఉంది. చేప అని రాసి ఉంది. చామంతి ఎత్తితే మొగుడి మాట తప్పవుతుంది. చేప ఎత్తితే మాట నిలుస్తుంది, కానీ అది వంటపొయ్యి బూడిద పూసిన ముక్క. చామంతిని బురదలోకి తొక్కేసి చేపని ఎత్తడానికి ఆమె చెయ్యి నిజంగానే కదిలింది. అంతలో, బతికుండగానే తన గిన్నె పగలగొట్టుకున్న ముసలిదాని ముఖం మళ్ళీ చూసింది. ఆ గిన్నెని తొక్కడానికి చెయ్యి రాలేదు. భయంతో కళ్ళు మూసుకుని చామంతి ముక్కని పైకెత్తింది.

భటుడు అందుకున్నాడు. గుమాస్తా చూశాడు. "ప్రభూ, పింగాణీయే. కానీ చేప కాదు, చామంతి."

బోషెంగ్ తల తిప్పి భార్య వైపు చూశాడు. సమాధివాళ్ళ తరఫు మనిషి అప్పుడే అరుపు అందుకున్నాడు. "తన పాత్రలో ఏముందో తనకే తెలీదు ప్రభూ! ఎవరో ఇప్పుడే ఈ తొట్టిలో వేశారు!"

"మరి చేప గిన్నె ఏమైంది?" న్యాయాధికారి గొంతు పెరిగింది. "మట్టిలో వెయ్యకపోతే ఇంట్లోనే ఉండాలి. పగలకుండా ఉంటే తెచ్చి చూపించు, నమ్ముతాను. ఉందా?"

నిన్నటి దాకా ఉంది. ఈ పొద్దున్న దాకా ఉంది. అది అలాగే ఉంటే చాలు, బోషెంగ్ బతికేవాడు. మింజూకి ఆ సంగతి బుర్రకెక్కగానే గొంతులోంచి ఒక వింత శబ్దం వచ్చింది. పెదవి చివర నుంచి రక్తం గడ్డం మీదికి కారింది.

"ఆ రెండో చెయ్యి ఏమిటి? ఎత్తు. విప్పు!"

ఆమె విప్పింది. చేప కన్ను అరచేతిలో బురద మధ్య ఉంది.

కచేరీ అంతా ఒక్కసారి గోలెత్తిపోయింది. భటుడు ఆమె జుట్టు పట్టుకున్నాడు. "చంపెయ్యండి నన్ను!" అంది మింజూ. "చంపెయ్యండి, కానీ వినండి. మావాడి గిన్నె పగలగొట్టలేకపోయాను. పెంకు ముక్క వేశాను. ఆయనకి తెలీదు. నిన్న ఆయన చేప అన్నాక, లోపల ఏమీ లేదని తెలిసి, పొద్దున్న పగలగొట్టి నోట్లో పెట్టుకొచ్చాను. ఆ చామంతి ఎలా వచ్చిందో నాకు తెలీదు!"

"నాకు తెలుసు," అంది తాన్ అవ్వ.

ఆవిడ బండి దిగలేక దిగింది. షావ్ పిన్ని చెయ్యి పట్టుకుని ముందుకొచ్చి, రొమ్ము దగ్గర దాచుకున్న గుడ్డ ముడి విప్పింది. అందులో గిన్నె అడుగుభాగం, సగం చామంతితో. "మా కోడలు పిల్లాడి గిన్నె ఎప్పుడో దాచేసింది ప్రభూ, నేను చూశాను. ఉంచుకోనీ అనుకున్నాను. కానీ కాలు వట్టిపోకూడదు కదా. అందుకని నాది పగలగొట్టి, ఇది చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు మట్టిలో నొక్కాను. అడుగు మాత్రం ఉంచాను, పొయ్యి దేవుడి పటం వెనక. అడుగుతారేమో అని తెచ్చాను."

న్యాయాధికారి రెండు ముక్కలూ తెప్పించి పక్కపక్కన పెట్టించాడు. పువ్వు కలిసింది. కానీ ఆయన ముఖంలో అనుమానం పోలేదు. "అత్తాకోడళ్ళు ఇద్దరూ కలిసి ఆడే నాటకం కాదని ఎవరు చెప్పాలి?"

అప్పుడు ఫెయ్ పండితుడు లేచాడు. చామంతి ముక్కనీ, చేప ముక్కనీ చెరో చేతిలోకి తీసుకుని వెలుగులోకి వెళ్ళాడు. గోటితో గీకాడు, వాసన చూశాడు. ఆ మనిషి ఒక్క మాట ఆమె మొగుణ్ణి ఇక్కడి దాకా తెచ్చింది. ఇంకొక్క మాట చాలు.

"ఈ చేప వంటపొయ్యిలో పొగచూరింది," అన్నాడు ఆయన. "ఈ చామంతి మాత్రం కంచు వేడిలో ఉడికింది. ఈ బుడగలు ఏ వంటింట్లోనూ రావు. చుట్టూ కంచు పోసినప్పుడు ఇది ఆ కాలిలోనే ఉంది." కాసేపు పాత్ర వైపు చూశాడు. "కొత్తదే. నేను పొరబడ్డాను. పొరబడకపోతే బావుండుననే ఉంది ఇప్పటికీ."

న్యాయాధికారి మింజూ గడ్డం మీది రక్తం చూశాడు. తర్వాత, "లోపల ఏమీ లేదని నమ్మింది కాబట్టే ఈవిడ నోట్లో పెట్టుకొచ్చింది. అంత భయం నాటకం కాదు," అన్నాడు. "బోషెంగ్‌ని విప్పండి. కచేరీకి దొంగ సాక్ష్యం తెచ్చినందుకు ఈవిడ అరచేతుల మీద బెత్తంతో కొట్టండి. ఆ కుంటి పాత్రని కూడా పట్టుకుపోండి. అది బల్ల మీద ఉంటే నన్నే చూస్తున్నట్టుంది."

షావ్ పిన్ని బండి మీద వెళ్ళేటప్పుడు ముగ్గురూ, పాత్రా ఇరుక్కుని కూర్చున్నారు. పిన్ని ఒక్క మాట కూడా మాట్లాడకుండా తోసింది. ఆ వీధిలో ఇలాంటిది ఎన్నడూ జరగలేదు. మింజూ చేతులు బూరెల్లా పొంగాయి. ఆమె మొగుడి ముఖం చూడలేదు. వంతెన దాటాక బోషెంగ్ అడిగాడు.

"మొత్తం పగలగొట్టేశావా?"

"ఊఁ."

అతను వాచిన ఆమె చేతిని తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

వానలు వెలిశాక బోషెంగ్ పాత్రకి కొత్త కాలు పోయడానికి పూనుకున్నాడు. లోమట్టి కలపాల్సింది మింజూయే. ఈసారి తాన్ అవ్వ కూడా పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఒంటరిగా పగలగొట్టాలన్న నియమం ఉందిగా అని మింజూ అంటే, "పగిలిందాన్ని ఇంకేం పగలగొడతావు, నూరు," అంది.

మింజూ ఆవిడనే చూసింది. కచేరీ నుంచి వచ్చిన నాటి నుంచీ ఆమెని కొత్త భయం ఒకటి పట్టుకుంది. పొద్దున్నే లేవగానే అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటోంది. పోయినవాళ్ళ గిన్నె ఉండాల్సిన చోటికి బతికున్నదాని గిన్నె వెళ్ళిందంటే, మనిషి కూడా వెనకే వెళ్తుందనేది ఆ ఇంటి నమ్మకం. కొత్త గిన్నె కొనిపెడితే అవ్వ ముట్టుకోలేదు.

"ఎందుకలా చేశారు అత్తయ్యా? బతికుండగా ఎవరైనా..."

"నీకు వాడి గిన్నె కావాలి. వాడికి తోడు ఒక మనిషి కావాలి. చీకటికి భయపడతాడు గదే, ఆ కాలిలో ఒక్కడూ ఎలా ఉంటాడు? నేనెలాగూ పోయేదాన్నే, నా గిన్నె ముందు పోయింది."

మింజూ తలవంచుకుని మూట విప్పింది. ముక్కల్ని రోలులో పోసింది. చేపకి కన్ను లేదు, అది కచేరీలోనే ఉండిపోయింది. పెచ్చు ఊడిన అంచు ముక్క పైకే వచ్చి పడింది. రోకలి ఎత్తింది, దించింది. నొప్పి చేతులతో మళ్ళీ మళ్ళీ దంచింది, ఆగితే ఇంక చెయ్యలేనన్న భయంతో.

తాన్ అవ్వ చెయ్యి చాచి రోకలి పట్టుకుంది.

"చాల్లే, మరీ మెత్తగా నూరకు," అంది. "వాడికి పిసికిపెడితే నచ్చదు. కొరుక్కోవడానికి ఏదో ఒకటి ఉండాలి."